రోజ్ బర్డ్‌కి నేను ఓటేసేవాణ్ణా?

కాలిఫోర్నియాలో ఓటున్న తెలుగువాళ్ళకి ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. గవర్నరు, సెనేటరు, సిటీ కౌన్సిల్ దాకా చకచకా నింపేస్తాం. ఆ తర్వాత జడ్జిల పేర్లొస్తాయి, అక్కడ పెన్ను ఆగిపోతుంది. 2022 నవంబరు బ్యాలెట్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు నుంచే నలుగురున్నారు: పట్రీషియా గెరేరో, గుడ్విన్ లూ, మార్టిన్ జెంకిన్స్, జాషువా గ్రోబన్. వాళ్ళమీద పోటీగా ఎవరూ ఉండరు, పార్టీ పేరు ఉండదు. ఈ జడ్జిని కొనసాగించాలా వద్దా, అదొక్కటే ప్రశ్న.

మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ పేజీ ఫొటో తీసి పెట్టి, "వీళ్ళెవరండీ బాబూ, ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. ఖాళీగా వదిలెయ్యమని కొందరన్నారు. చదివి చెప్తానని ఒకాయనన్నాడు, చెప్పలేదు. ఇంకో మిత్రుడు మాత్రం తడుముకోకుండా రాశాడు: "అందరికీ నో కొట్టండి. జడ్జిలకి కూడా కాస్త భయం ఉండాలి." దానికి బోలెడు లైకులు పడ్డాయి.

ఆ నలుగురూ సునాయాసంగా గట్టెక్కారు. అయినా "భయం ఉండాలి" అన్న మాట నాకు మింగుడు పడలేదు. వెంటనే జవాబు చెప్పడం కూడా చేతకాలేదు. ఇండియాలో జడ్జిల నియామకం గురించి మనం ఎన్నిసార్లు గొణుక్కోలేదు? తలుపులేసుకుని వాళ్ళని వాళ్ళే ఎంచుకుంటారని, ఎవరూ అడిగే దిక్కు లేదని. అడిగే దిక్కున్న చోటికి వచ్చాక మళ్ళీ అదీ బాగాలేదంటే ఎలా?

బాగాలేదనే అంటాను. ఎందుకంటున్నానో చెప్పాలంటే రోజ్ బర్డ్ కథ చెప్పాలి. 1934లో ఈ పద్ధతి వచ్చాక కాలిఫోర్నియా ప్రజలు ఓటేసి ఇంటికి పంపిన సుప్రీంకోర్టు జడ్జిలు ముగ్గురే ముగ్గురు. ముగ్గుర్నీ ఒకే రోజు, 1986 నవంబరు 4న పంపారు. వాళ్ళలో ముఖ్యురాలు, అప్పటి చీఫ్ జస్టిస్, ఈవిడ.

జడ్జి కాకుండానే చీఫ్ జస్టిస్

1936లో అరిజోనాలో, టూసాన్ దగ్గర ఒక కోళ్ళఫారంలో పుట్టింది. పెంచింది తల్లి. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో ఫ్యాక్టరీ పని చేసి చదివించింది. రోజ్ బర్క్‌లీకి వచ్చి 1965లో లా పూర్తి చేసింది. ఆ తర్వాత శాంటా క్లారా కౌంటీలో పబ్లిక్ డిఫెండర్‌గా చేరింది. అంటే లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున ప్రభుత్వ జీతం మీద వాదించే ఉద్యోగం. ఆ ఆఫీసులో ఆ పనికి తీసుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే. ఇప్పుడు మనవాళ్ళు కిక్కిరిసి ఉండే శాన్ హోసే ఆ కౌంటీలోదే.

1974లో జెర్రీ బ్రౌన్ గవర్నరుగా గెలిచాడు. బర్క్‌లీ రోజుల నుంచీ పరిచయం. 1975లో ఆవిణ్ణి వ్యవసాయం, సేవల శాఖ చూసే సెక్రటరీని చేశాడు. కాలిఫోర్నియా కేబినెట్‌లో అడుగుపెట్టిన మొదటి స్త్రీ ఆవిడ. అదే ఏడాది పొలాల్లో పనిచేసే కూలీలకి యూనియన్ పెట్టుకునే హక్కు, రహస్య ఓటింగ్‌తో యూనియన్‌ని ఎంచుకునే హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. కూలీల నాయకుడు సీజర్ చావెజ్ యూనియన్‌నీ, పెద్ద రైతుల్నీ, టీమ్‌స్టర్స్ అనే పోటీ యూనియన్‌నీ ఒక దారికి తెచ్చిన బేరసారాల్లో ఆవిడ పాత్ర పెద్దది. పొట్టి పిడి పారతో రోజంతా నడుం వంచి పనిచేయించే పద్ధతికి తెరపడింది కూడా ఆ ఏడాదే. పెద్ద రైతులు ఇవన్నీ మర్చిపోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పదకొండేళ్ళ తర్వాత పనికొస్తుంది.

1977 ఫిబ్రవరిలో బ్రౌన్ ఆవిణ్ణి ఏకంగా చీఫ్ జస్టిస్‌గా ప్రతిపాదించాడు. వయసు నలభై. అంతకు ముందు ఏ కోర్టులోనూ జడ్జిగా కూర్చోలేదు. ఆ కోర్టులో అప్పటిదాకా ఒక్క స్త్రీ కూడా లేదు. సరిగ్గా నెల ముందు, 1977 జనవరిలో, ఢిల్లీలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాని పక్కనపెట్టి ఆయనకంటే జూనియర్ని చీఫ్ జస్టిస్ చేశారు. ఎమర్జెన్సీలో హేబియస్ కార్పస్ కేసులో ప్రభుత్వానికి నచ్చని భిన్నాభిప్రాయం రాసినందుకు ఆ శాస్తి. నచ్చని తీర్పు రాసిన జడ్జిని అక్కడ ప్రభుత్వం శిక్షించింది. ఇక్కడ ఆ పని ఓటర్ల చేతికిచ్చారు. రెంటికీ తేడా ఉందా? ఉందనే అనుకుంటాను. ఎంతుందో మాత్రం చూడాలి.

నియామకం ఖరారు చెయ్యడానికి ముగ్గురు సభ్యుల కమిషన్ ఒకటుంది. దాని ముందు విచారణ రచ్చరచ్చ అయింది. ఫ్రెస్నోలో సహాయ బిషప్‌గా ఉన్న రోజర్ మహోనీ, తర్వాత లాస్ ఏంజెలెస్ కార్డినల్ అయినాయన, ఈవిడ స్వభావం అంత పెద్ద పదవికి తగదని ఉత్తరం రాశాడు. వ్యవసాయ కూలీల బోర్డు పనిలో ఆవిడతో వ్యవహరించిన అనుభవంతో రాసిన ఉత్తరమది. చివరికి ఇద్దరు సరే అన్నారు, ఒకరు కాదన్నారు. అలా బయటపడింది.

అప్పుడు వచ్చిన అభ్యంతరాల్లో కొన్ని ఆవిడ ఆడది కనుక వచ్చినవే. మగవాడు కఠినంగా ఉంటే క్రమశిక్షణ అంటారు, ఆవిడ ఉంటే కక్షసాధింపు అన్నారు. కానీ అన్నీ అలాంటివి కావు. ఒక్కరోజు కూడా జడ్జిగా చెయ్యని మనిషి దేశంలోనే పెద్ద రాష్ట్రాల్లో ఒకదాని న్యాయవ్యవస్థ మొత్తానికీ పెద్ద దిక్కు కావడం ఏమిటి అన్న ప్రశ్న సబబైనదే. మన దగ్గర అలా జరిగితే నేను ఊరుకుంటానా?

పక్కింటాయన పన్ను

ఆవిడ గురించి మాట్లాడేవాళ్ళందరూ మరణశిక్ష దగ్గరే మొదలుపెడతారు. నేను ప్రాపర్టీ టాక్స్ దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే అది మన జేబుకి తగిలే విషయం.

మా వీధిలో ఒక పెద్దాయన డెబ్బైలలో ఇల్లు కొన్నాడు. మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే నమూనా, గదులు అవే, స్థలం అదే. ఆయన ఏడాదికి కట్టే పన్ను మేం రెండు నెలల్లో కడతాం. ఈ మాట ఆయనే నవ్వుతూ చెప్పాడు, కాస్త సిగ్గుపడుతూ కూడా. బే ఏరియాలో ఇల్లు కొన్న ప్రతి తెలుగువాడూ ఏదో ఒక విందులో ఈ బాధ వెళ్ళగక్కినవాడే. దీనికి మూలం 1978 జూన్‌లో ఓటర్లు దాదాపు మూడింట రెండొంతుల మెజారిటీతో నెగ్గించిన ప్రాప్ 13 అనే పన్ను చట్టం. పాత ఇళ్ళకి 1975 నాటి విలువ మీద పన్ను, ఆ తర్వాత చేతులు మారితే కొన్న ధర మీద పన్ను. విలువ ఏటా రెండు శాతం మించి పెంచడానికి లేదు. ముందొచ్చినవాళ్ళకి పండగ, వెనకొచ్చినవాళ్ళకి దండగ.

ఆ చట్టం చెల్లుతుందా అన్న కేసులో ఆ సెప్టెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చెల్లుతుందన్నారు. ఒకేలాంటి ఇళ్ళున్న ఇద్దరు ఇరుగుపొరుగులు వేరువేరు పన్నులు కట్టడం చట్టం ముందు సమానత్వానికి విరుద్ధమని ఏడుగురిలో ఒక్కరే రాశారు. ఆ ఒక్కరు రోజ్ బర్డ్. ఇంకో ఆరేడు వారాల్లో, నవంబరు 7న, ఆవిడ పేరే మొదటిసారి బ్యాలెట్ మీదికి రావాల్సి ఉంది. మూడింట రెండొంతుల మంది ఓటేసి తెచ్చుకున్న చట్టంలో ఈ భాగం తప్పని, అదే ఓటర్ల ముందు నిలబడబోతూ, ఒంటరిగా రాసింది.

దీన్ని ధైర్యం అనాలా, లోకజ్ఞానం లేకపోవడం అనాలా? రెండోది అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. 1992లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ప్రాప్ 13కి తప్పులేదని 8-1తో తేల్చింది కనుక, చట్టప్రకారం ఆవిడ మాట నెగ్గలేదనే చెప్పాలి. నాకు కావలసింది నెగ్గడం కాదు. ఎన్నిక నెత్తిమీద ఉండగా జడ్జి తనకి తోచింది రాయగలిగిందా లేదా అన్నదే. ఆవిడ రాసింది.

ఆ నవంబరులో 51.7 శాతంతో బొటాబొటిగా బయటపడింది. అయితే అక్కడే ఇంకో మచ్చ పడింది. పోలింగ్ రోజు పొద్దున్నే లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఒక వార్త వేసింది: తుపాకీ వాడి నేరం చేస్తే జైలు తప్పదనే చట్టాన్ని నీరుగార్చే తీర్పొకటి సిద్ధమైపోయినా, ఎన్నిక అయ్యేదాకా కోర్టు దాన్ని తొక్కిపెట్టిందని. తన కోర్టు మీద విచారణ జరపమని బర్డ్ తనే కోరింది. 1979లో కొన్నాళ్ళు బహిరంగంగా, తర్వాత తలుపులేసుకుని విచారించి, ఎవరిమీదా అభియోగం లేకుండా ముగించారు. జడ్జిలు ఒకరిమీద ఒకరు సాక్ష్యం చెప్పుకోవడం మాత్రం జనం చూశారు. ఆ తర్వాత ఆ కోర్టుని మునుపటిలా చూసినవాళ్ళు తక్కువ. ఆ తీర్పు నిజంగా తొక్కిపెట్టారో లేదో కంటే, తొక్కిపెట్టి ఉండొచ్చు అని ఎవరైనా నమ్మగలగడమే నాకు ముఖ్యం. జడ్జి పేరు బ్యాలెట్ మీద లేకపోతే ఆ అనుమానానికి తావే లేదు కదా.

అరవై ఒకటికి అరవై ఒకటి

ఇక మరణశిక్ష. 1977లో గవర్నరు బ్రౌన్ వీటోని తోసిపుచ్చి శాసనసభ మరణశిక్షని తిరిగి తెచ్చింది. మరుసటి ఏడాది ఓటర్లే ఇంకా విస్తృతమైన చట్టం చేసుకున్నారు. ఆ తర్వాత రోజ్ బర్డ్ ముందుకి అరవై ఒక్క మరణశిక్ష కేసులొచ్చాయి. అరవై ఒక్కటిలోనూ శిక్ష రద్దు చెయ్యాలనే ఆవిడ ఓటేసింది.

ఆవిణ్ణి అభిమానించేవాళ్ళకి సమాధానం కష్టమైన చోటు ఇదే. ప్రతి కేసూ దాని గుణదోషాల మీద చూశానని ఆవిడ అంది. కావచ్చు. కానీ అరవై ఒక్క కేసుల్లో ఒక్కటంటే ఒక్కటైనా సవ్యంగా జరగలేదంటే సామాన్యుడు ఎలా నమ్ముతాడు? ఆవిడ మనసులో జవాబు ముందే ఉంది, కారణాలు తర్వాత వెతుక్కుంది అనుకోడూ? నేనైనా అలాగే అనుకునేవాణ్ణి. పక్కనే స్టాన్లీ మాస్క్ అనే జడ్జి ఉన్నాడు. ఆయనకీ మరణశిక్ష అంటే ఇష్టం లేదు, ఆ మాట పైకే చెప్పేవాడు. అయినా చట్టం ఉన్నంతకాలం దానికి కట్టుబడాలని కొన్ని కేసుల్లో శిక్షని ఖాయం చేశాడు. జనం ఆయన్ని 1986లో ఏమీ అనలేదు. 2001లో చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

రెండో వైపు కూడా చూద్దాం. ఆ కోర్టు రద్దు చేసిన శిక్షల్లో చాలావాటికి ఆవిడ ఒక్కతే కాదు, మెజారిటీ ఉంది. 1978 చట్టాన్ని హడావిడిగా, గందరగోళంగా రాశారు. చంపాలనే ఉద్దేశం ఉందని జ్యూరీ తేల్చాలా అక్కర్లేదా అన్నది కూడా అందులో తేటగా లేదు. కొత్త చట్టం మొదటి కేసులు పైకోర్టులో తిరగబడటం మనకి మాత్రం కొత్తా? పైగా రద్దు అంటే విడుదల కాదు. ఎక్కువ కేసుల్లో మళ్ళీ విచారణ జరపమని, లేదా యావజ్జీవం అని. పన్నెండేళ్ళ పిల్లని చంపిన రాడ్నీ అల్కాలా శిక్షని 1984లో రద్దు చేశారు, అతని పాత నేరాల గురించి జ్యూరీకి చెప్పకూడనిది చెప్పారని. ఈ రద్దు విని రాష్ట్రం ఉడికిపోయింది. 1986లో మళ్ళీ విచారించి మళ్ళీ మరణశిక్ష వేశారు. బర్డ్ పదవి పోయిన చాలా ఏళ్ళకి ఫెడరల్ కోర్టు ఆ శిక్షనీ కొట్టేసింది. 2010లో మూడోసారి, ఈసారి ఐదు హత్యలకి, మరణశిక్ష పడింది. చివరికి 2021లో అనారోగ్యంతోనే పోయాడు. ఈ మొత్తంలో రోజ్ బర్డ్ వాటా ఎంత?

1986లో ఇవేవీ ఎవరూ ఆలోచించలేదు. గవర్నరు జార్జ్ డ్యూక్‌మేజియన్ బహిరంగంగా ఆవిణ్ణి దించమన్నాడు. హతుల తల్లిదండ్రులు టీవీ ప్రకటనల్లో కనిపించి, మా బిడ్డకి న్యాయం జరగలేదన్నారు. వాళ్ళ ముందు ఏ వాదన నిలుస్తుంది? బర్డ్ ఎన్నికల సలహాదారుల్ని వద్దనుకుని, తనే కెమెరా ముందు కూర్చుని జడ్జిలకి స్వతంత్రత ఎందుకుండాలో చెప్పింది. అది పాఠంలా ఉంది. రెండు వైపులా కలిపి కోటి డాలర్ల పైన ఖర్చయింది. ఆవిణ్ణి దించడానికి చందాలిచ్చినవాళ్ళలో పెద్ద రైతులున్నారు, వ్యాపారులున్నారు. వాళ్ళకి మరణశిక్ష మీద అంత పట్టింపేమిటి? కూలీల పక్షాన, కౌలుదార్ల పక్షాన, వినియోగదారుల పక్షాన ఆ కోర్టు ఇచ్చిన తీర్పులు వాళ్ళ బాధ. ప్రకటనల్లో మాత్రం ఆ ఊసే లేదు. ఓటర్ని అడిగింది ఒక ప్రశ్న, డబ్బు పెట్టినవాళ్ళకి కావలసింది ఇంకో జవాబు.

బర్డ్‌కి వ్యతిరేకంగా 67 శాతం పడ్డాయి. ఆవిడతోపాటు క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్ కూడా ఓడిపోయారు. రెనోసో పొలం కూలీల కొడుకు, ఆ కోర్టులో మొదటి లాటినో జడ్జి. గ్రోడిన్ కొన్ని మరణశిక్షలని ఖాయం చేసినవాడే. అయినా గాలిలో కొట్టుకుపోయాడు. నా మటుకు నాకు ఆ రోజు ఫలితాల్లో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది గ్రోడిన్ ఓటమే. తీర్పుల్ని చూసి ఓటేశారన్న వాదన అతని దగ్గర తేలిపోతుంది.

షేవింగ్ అద్దం వెనక

మరుసటి ఏడాదే, అంటే 1987లో, కొత్త జడ్జిలతో కూర్చున్న కోర్టు, చంపాలనే ఉద్దేశం గురించి బర్డ్ కాలంలో ఇచ్చిన ముఖ్యమైన తీర్పుని వెనక్కి తీసుకుంది. ఆ వెనక్కి తీసుకునే తీర్పు రాసింది స్టాన్లీ మాస్క్. చట్టాన్ని మళ్ళీ చదివి మనసు మార్చుకుని ఉండొచ్చు. జడ్జిలు అలా మారితే తప్పేం లేదు, మారాలి కూడా. కానీ ముగ్గురు సహోద్యోగుల్ని ఊడ్చేసిన ఎన్నిక జరిగిన ఏడాదికి ఆ తీర్పు చదివేవాడికి వేరే ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది?

అదే కోర్టు నుంచి ఆ ఎన్నికకి ముందే రిటైరైన ఆటో కాస్ అనే జడ్జి ఈ సంగతి అందరికంటే నిజాయితీగా చెప్పాడు. ఎన్నిక దగ్గర పడుతున్నప్పుడు తీర్పు వల్ల వచ్చే రాజకీయ ఫలితాన్ని పట్టించుకోకుండా ఉండటమంటే, బాత్‌టబ్‌లో మొసలి ఉంటే దాన్ని పట్టించుకోకుండా షేవింగ్ చేసుకోవడం లాంటిదన్నాడు. దాని ప్రభావం నామీద పడిందో లేదో నాకే తెలియదు అని కూడా అన్నాడు. మా వాట్సాప్ మిత్రుడు కోరిన భయం ఇదే. భయపడిన జడ్జి తప్పు తీర్పిస్తాడని కాదు నా బాధ. సరైన తీర్పిచ్చినా, అది చట్టం చూసి ఇచ్చాడో మొసలిని చూసి ఇచ్చాడో మనకి తెలియదు. ఆయనకే తెలియదు.

ఇది కాలిఫోర్నియా గొడవ ఒక్కటే కాదు. 1996లో టెనెసీలో పెనీ వైట్ అనే జడ్జిని ఒక మరణశిక్ష కేసు తీర్పు పట్టుకుని ఇలాగే దించారు. జడ్జిలు తీర్పులిచ్చేటప్పుడు పదవి పోతుందేమోనని వెనక్కి చూసుకోవాలా అని అడిగితే, చూసుకోవాలనే ఆశిస్తున్నానని ఆ రాష్ట్ర గవర్నరు బాహాటంగా అన్నాడు. 2010లో అయోవాలో ఒకే లింగం వాళ్ళ పెళ్ళిళ్ళని ఒప్పుకున్న ఏకగ్రీవ తీర్పు తర్వాత ముగ్గురిని దించారు. 2025 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లో ఒక్క సుప్రీంకోర్టు సీటు ఎన్నికకి పది కోట్ల డాలర్ల దాకా ఖర్చయింది, ఎలాన్ మస్క్ అంతటివాడు స్వయంగా దిగాడు. జడ్జి పదవికి పెట్టే డబ్బు కూడా పెట్టుబడే. పెట్టినవాడు ఊరికే పెడతాడా?

ఇంతా చేసి కాలిఫోర్నియా ఓటరు కోరుకున్నది దక్కిందా? కొత్త కోర్టు మరణశిక్షల్ని వరసగా ఖాయం చేసింది. అయినా మొదటి శిక్ష అమలైంది 1992లో. ఆఖరిది 2006లో. మొత్తం పదమూడు. ఫెడరల్ కోర్టుల్లో అప్పీళ్ళు, లాయర్ల కొరత, శిక్ష అమలుచేసే పద్ధతి మీద కేసులు, ఇవన్నీ కలిసి ఆపేశాయి. 2019లో గవర్నరు న్యూసమ్ అమలు నిలిపేసేనాటికి ఏడు వందల మందికి పైగా ఆ వరసలో ఉన్నారు. రోజ్ బర్డ్ ఒక్కతే అడ్డం అనుకున్నవాళ్ళు ఆ అంకెలకి ఏమంటారో నాకు వినాలనుంది.

ముందే అడగొచ్చుగా

మరి జడ్జిలకి జవాబుదారీ అక్కర్లేదా అంటే, నా ఉద్దేశం అది కాదు. ఇండియా పద్ధతి నాకు నచ్చదు. 1993లో జస్టిస్ వి. రామస్వామి అభిశంసన తీర్మానం అధికార పార్టీ ఓటింగ్‌కి దూరంగా ఉండటంతో వీగిపోయింది. 2015లో జడ్జిల నియామకాల కోసం చట్టం తెచ్చిన కమిషన్‌ని సుప్రీంకోర్టే కొట్టేసింది. ఎవరిని ఎందుకు తీసుకున్నారో, ఎవరిని ఎందుకు వదిలేశారో మనకి ఆ తర్వాత కూడా తేటగా తెలియడం లేదు.

కానీ ఒకటి ఆలోచించండి. 1974లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక హత్య కేసులో, ఒక స్త్రీనీ పసిబిడ్డనీ చంపిన యువతికి పడిన ఉరిశిక్షని జస్టిస్ కృష్ణయ్యర్ యావజ్జీవంగా మార్చాడు. ఆమె వయసు, బతుకు పరిస్థితి, రెండేళ్ళకి పైగా ఉరి భయంతో గడిపిన కాలం లెక్కలోకి తీసుకున్నాడు. మరణశిక్ష గురించి దేశంలో ఎవరు చదివినా ఆ తీర్పు చదవాల్సిందే. ఆ మరుసటి ఏడాది ఆయన్ని మన జిల్లాల్లో ఓటింగ్‌కి పెడితే, ఆ పసిబిడ్డ ఫొటో గోడలమీద అంటిస్తే, ఎన్ని ఓట్లు పడేవి?

అందుకే అడగాల్సిందేదో కుర్చీ ఎక్కకముందే అడగాలంటాను. బర్డ్ విషయంలో 1977లో వచ్చిన ప్రశ్నలన్నీ సబబైన వేళకే వచ్చాయి: అనుభవం లేదు, గవర్నరు మనిషి, సహోద్యోగులతో పొసగదు. ఆ కమిషన్ ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువ రోజులు అడిగి ఉండాల్సింది. వద్దనుకుంటే అప్పుడే వద్దనాల్సింది. ఒకసారి ఎక్కించాక పన్నెండేళ్ళు కానీ పదిహేనేళ్ళు కానీ ఒకే గడువు, మళ్ళీ నియామకం లేదు, మళ్ళీ ఓటింగ్ లేదు. లంచం తింటే, తప్పుడు పని చేస్తే తీసెయ్యడానికి వేరే దారి ఎలాగూ ఉంటుంది. మసాచుసెట్స్‌లో డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా జడ్జిని ఓటర్లు కదపలేరు. ఆ రాష్ట్రం ఏమీ కూలిపోలేదు.

ఈ మాట మా మిత్రుడితో అంటే ఒక గట్టి ప్రశ్న వేశాడు. "గడువు అయిపోయాక నీ జడ్జి ఏం తిని బతుకుతాడు? తర్వాత ఉద్యోగం ఇచ్చేవాణ్ణి చూసుకుని తీర్పు రాయడా?" నిజమే. అయోధ్య బెంచ్‌లో కూర్చున్న జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో రిటైరై ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పేరు ప్రకటింపబడ్డాడు. అదే బెంచ్‌కి పెద్ద అయిన జస్టిస్ గొగోయ్ రిటైరైన నాలుగు నెలలకి రాజ్యసభకి వెళ్ళాడు. వాళ్ళ తీర్పులో ఏ లోపం లేకపోయినా ఆ అనుమానం అంటుకునే ఉంటుంది. అదీ ఒక మొసలే. బర్డ్‌కి దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగింది. ఓడాక ఆవిణ్ణి ముట్టుకోవడానికే భయపడ్డారు. పెద్ద లా ఆఫీసులు పిలవలేదు, కొంతకాలం పాఠాలు చెప్పింది, తల్లిని చూసుకుంది. తొంభైలలో ఈస్ట్ పాలో ఆల్టోలో పేదల కోసం నడిచే ఒక లా కేంద్రంలో జీతం లేకుండా జిరాక్స్ తీసే పనీ, ఫైళ్ళు సర్దే పనీ చేసింది. ఆవిడెవరో అక్కడివాళ్ళకి మొదట తెలియనే లేదు. 1999 డిసెంబరులో రొమ్ము క్యాన్సర్‌తో, 63వ ఏట, పోయింది.

కాబట్టి నా పద్ధతికి ఇంకో షరతు కలపాలి. గడువు ముగిసిన జడ్జికి బతికినంతకాలం పూర్తి జీతమంత పెన్షన్ ఇవ్వాలి, ప్రభుత్వ పదవి కానీ లాయర్ ప్రాక్టీసు కానీ చెయ్యకూడదనాలి. పాఠాలు చెప్పుకోవచ్చు, పుస్తకాలు రాసుకోవచ్చు. ఖరీదైన ఏర్పాటే. అయినా ఒక్క విస్కాన్సిన్ ఎన్నికకి తగలేసిన డబ్బుతో ఎంతమంది జడ్జిల పెన్షన్లు గడిచిపోతాయో ఎవరైనా లెక్కేసుకోవచ్చు.

1986లో నేనిక్కడ ఉండి ఉంటే ఆవిడకి అవుననే ఓటేసేవాణ్ణి. ఆవిడ మరణశిక్ష తీర్పులన్నీ ఒప్పుకుని కాదు. వాటిల్లో కొన్ని చట్టంకంటే నమ్మకం మీద నిలబడ్డాయనే ఇప్పటికీ అనిపిస్తుంది. 2022లో ఆ నలుగురికీ అవుననే పెట్టాను, వాళ్ళ తీర్పులు నచ్చాయో లేదో చూసుకోకుండానే. మా గ్రూపులో ఆ మాట చెప్తే, "అలాగైతే ఓటెందుకు, ఖాళీగా వదిలెయ్యి" అన్నారు. ఖాళీగా వదిలితే ఆ లెక్క నో కొట్టేవాళ్ళ చేతిలోకి వెళ్తుంది. ఆ ప్రశ్నని బ్యాలెట్ మీంచి తీసేసేదాకా, లంచమో తప్పుడు పనో బయటపడితే తప్ప, అవుననే పెడతాను.